హోటళ్ళు పారేసే దుప్పట్లతో పది మందికి పని: నల్గొండ, పాలమూరు వైపు మొదలుపెట్టేవాళ్ళకు మొదటి నుంచి చివరి దాకా

హోటల్ వాళ్ళు దుప్పటి చిరిగేదాకా ఆగరు. మధ్యలో కాస్త పల్చబడినా, పెళ్ళివాళ్ళు దిగిన గదిలో గోరింటాకు మరక అంటినా, ఉతికి ఉతికి తెలుపు పోయి బూడిద రంగుకు తిరిగినా ఇక గెస్టుకు వెయ్యలేరు కాబట్టి పక్కన పెట్టేస్తారు. హౌస్‌కీపింగ్ వాళ్ళు దాన్ని కండెమ్ చేయడం అంటారు. అలా కండెమ్ అయిన దుప్పట్లు, టవళ్ళు, కర్టెన్లు ఏ లాడ్జిలో చూసినా మెట్ల కింద గదిలోనో, డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనో మూటలు కట్టి పడి ఉంటాయి. కొందరు నేల తుడవడానికి చింపుకుంటారు, కొందరు పాత సామాన్ల వాళ్ళకు కిలో లెక్కన వేస్తారు, ఇంకొందరు చెత్తతో పాటు తగలబెడతారు.

ఆ బట్టతోనే మా దగ్గర ఇప్పుడు ఏడుగురు పని చేస్తున్నారు. భర్తలు పోయినవాళ్ళు ఇద్దరు, ఫ్లోరోసిస్‌తో మోకాళ్ళు, నడుము బిగుసుకుపోయినవాళ్ళు ఇద్దరు, ఒంటరిగా ఉండే ఒక అక్క, వినికిడి లేని ఒక పిల్లగాడు, పుణెలో బిల్డింగు పనిలో పడి కాలు దెబ్బతిని ఊరికి తిరిగొచ్చిన ఒక అన్న. ఎలా మొదలుపెట్టారని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. ఈ పనిలో బట్ట దొరకడం చాలా తేలిక, ప్రతి శనివారం కూలి ఆగకుండా ఇవ్వడమే కష్టం. అందుకే నేను చెప్పే వరుస కొంచెం తిరగేసినట్టు ఉంటుంది. ముందు మనుషులు, తర్వాత కొనేవాళ్ళు, ఆ తర్వాతే బట్ట.

అడుగు 1: ఎవరి కోసం చేస్తున్నారో తేల్చుకోండి

ఊళ్ళో అయితే మహిళా పొదుపు సంఘాలను చూసే ఐకేపీ ఆఫీసులో, టౌన్లో అయితే అదే పని చేసే మెప్మాలో అడిగితే సంఘాల్లో ఉన్న ఒంటరి మహిళలు, దివ్యాంగులు ఎవరో చెప్తారు. కానీ అసలు అవసరం ఉన్నవాళ్ళు చాలామంది సంఘంలోనే ఉండరు, పొదుపు కట్టలేక మధ్యలో మానేసి ఉంటారు. వాళ్ళ గురించి ఆశ వర్కర్‌కూ, అంగన్‌వాడీ టీచర్‌కూ తెలుస్తుంది, వాళ్ళను అడగండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళు, నారాయణపేట, మక్తల్ వైపు దేవతకు ఇచ్చేశామని చెప్పి జోగినీలుగా మార్చడంతో బతుకు చెడినవాళ్ళు, పాలమూరు అంతటా వలస పోయి ఒళ్ళు పాడుచేసుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు. అందరినీ ఒకేసారి పిలవకండి. నలుగురితో మొదలుపెట్టండి.

ఒక్కొక్కరి దగ్గర కూర్చుని మూడు సంగతులు కనుక్కోండి: ఎంతసేపు కూర్చోగలరు, ఇంటి నుంచి ఎంత దూరం రాగలరు, రోజులో ఏ వేళ ఖాళీ. కుట్టు వచ్చా అన్నది నాలుగో ప్రశ్న. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో పొలం కూలి ఎక్కువ వస్తుంది, వాళ్ళు అటే పోతారు, పోవాలి కూడా. దానికి కోపం తెచ్చుకోకుండా పని క్యాలెండరే దానికి తగ్గట్టు వేసుకోండి.

మనిషికి తగ్గట్టు పనిని ముక్కలు చేయడం ఇక్కడ పెద్ద కిటుకు. మోకాలు వంగనివాళ్ళు కాలితో తొక్కే మిషన్ మీద పది నిమిషాలు కూడా ఉండలేరు. అదే మిషన్‌కు చిన్న మోటారు బిగించి, స్విచ్చును చేతికి అందేలా పెడితే కుట్టగలరు. కటింగ్ టేబుల్ నడుము ఎత్తులో ఉంటే వంగే పని ఉండదు, కింద చాప వేసి కత్తిరించడం మాత్రం ఎవరికీ పెట్టకండి. చూపు లేనివాళ్ళు మడతలు పెట్టడం, కట్టలు కట్టడం, తువాలు మందాన్ని బట్టి వేరు చేయడం చూపున్నవాళ్ళకన్నా బాగా చేస్తారు. నేను కళ్ళారా చూశాను, వేళ్ళ మధ్య నలిపి ఏది దళసరో ఏది అరిగిందో చెప్పేస్తారు.

అడుగు 2: మొదటి కొనుగోలుదారు దొరికాకే మూట దింపండి

మా మొదటి తప్పు ఇక్కడే. హైవే మీద ఒక లాడ్జి వాళ్ళు పిలిచి ‘తీస్కపోండి మేడమ్, మాకు రూమ్ ఖాళీ అయితది’ అంటే సంబరపడి టాటా ఏస్ నిండా వేసుకొచ్చాం. ఏం కుట్టాలో తెలియదు, ఎవరికి అమ్మాలో తెలియదు. రెండు నెలలు మూటలు అలాగే ఉన్నాయి, ఎలుకలు దూరాయి, వచ్చిన నలుగురిలో ఇద్దరు వెళ్ళిపోయారు. వాళ్ళను మళ్ళీ నమ్మించడానికి ఏడాది పట్టింది.

మా అనుభవంలో నిలకడగా కొనేవాళ్ళు వీళ్ళు.

అందరికన్నా ముందు బట్ట ఇచ్చిన హోటలే. గదుల్లో పెట్టే లాండ్రీ సంచులు, చెప్పుల సంచులు, కిచెన్ వాళ్ళ ఏప్రాన్లు, టేబుల్ తుడిచే గుడ్డలు వాళ్ళు ఎలాగూ బయట కొంటారు. మీ దుప్పటి మీకే సంచిగా కుట్టి ఇస్తాం అంటే వినని మేనేజర్ తక్కువ.

రెండోది మెకానిక్ షెడ్లు, లారీ గ్యారేజీలు. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు హైవే మీద, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు హైవే మీద షెడ్లకు కొదవ లేదు. వాళ్ళకు ఆయిల్ తుడుచుకునే వేస్ట్ క్లాత్ కిలోల్లో కావాలి. లాభం తక్కువే, కానీ అదే రోజు డబ్బు చేతికి వస్తుంది, మరక పోని బట్టంతా అటు వెళ్ళిపోతుంది.

మూడోది ఫంక్షన్లు. పెళ్ళికి, గృహప్రవేశానికి తాంబూలం సంచులు, రిటర్న్ గిఫ్ట్ సంచులు. కర్టెన్ బట్ట దీనికి చాలా బాగుంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలకు రెండు నెలల ముందే ఆర్డర్లు పట్టుకోవాలి.

నాలుగోది కిరాణా, కూరగాయల సంచులు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు దేశమంతటా నిషేధం. అమలు ఎలా ఉందో మనకు తెలిసిందే, అయినా మున్సిపాలిటీ వాళ్ళు తిరిగే వారంలో దుకాణాల వాళ్ళు బట్ట సంచి కోసం వెతుకుతారు.

పాత బట్టతో కుట్టిందని చెప్పకుండా అమ్మడం మాత్రం చేయొద్దు. చిన్న చీటీ మీద ‘హోటల్ దుప్పట్లతో కుట్టినది, వేడి నీళ్ళలో ఉతికినది’ అని రాసి వేయండి. ఒకసారి దాచి దొరికిపోతే ఆ దుకాణం జన్మలో మీ మొహం చూడదు.

అడుగు 3: హోటల్‌తో మాట్లాడటం

రిసెప్షన్‌లో అడిగితే పని కాదు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ను కలవండి, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, గదుల పని అయిపోయాక. మూట ఎక్కడుందో, ఎప్పుడు పారేస్తారో ఆ మనిషికే తెలుసు. తర్వాత మేనేజర్‌తో సంతకం చేయించుకోవచ్చు. యాదగిరిగుట్టలో, నాగార్జునసాగర్‌లో, జడ్చర్ల, మహబూబ్‌నగర్, నల్గొండ టౌన్లలో లాడ్జిలున్నాయి. హైదరాబాద్ పెద్ద హోటళ్ళు గదులు కొత్తగా చేయించినప్పుడు ఒకేసారి వందల కర్టెన్లు, కుర్చీలు తీసేస్తాయి. అది మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, కిరాయి లెక్క చూసుకోండి.

ఉచితంగా ఇవ్వండి అని అడగడం కన్నా కిలోకు నాలుగు రూపాయలో ఐదు రూపాయలో ఇస్తాం అనండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ దానికి కారణం ఉంది. కొన్నప్పుడు జీఎస్టీ క్రెడిట్ తీసుకున్న (అంటే కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకున్న) సరుకును ఊరికే ఇచ్చేస్తే ఆ క్రెడిట్ వెనక్కి కట్టాల్సి వస్తుందని అకౌంట్స్ వాళ్ళు అడ్డం పడతారు. చిన్న బిల్లు ఉంటే వాళ్ళ పుస్తకం సరిపోతుంది. మనకు కూడా దానం తెచ్చుకున్నట్టు కాకుండా ముడిసరుకు కొన్నట్టు ఉంటుంది. పాత బట్టను దానంగా కాకుండా వనరుగా చూడటం కొత్తేమీ కాదు. 1999లో గూంజ్ సంస్థను మొదలుపెట్టిన అన్షు గుప్తా ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఇదే, ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఒప్పందం ఒక పేజీ చాలు. నెలలో ఏ రోజు తీసుకెళ్తారు, కిరాయి ఎవరిది, తూకం ఎక్కడ వేస్తారు, తడి బట్ట, రక్తం అంటిన బట్ట కలపకూడదు, లోగో ఎవరు తీయాలి. ఈ లోగో సంగతి చిన్నది కాదు. హోటల్ పేరు నేసిన తువాలు ఎక్కడో టీ కొట్టులో కనిపిస్తే వాళ్ళకు పరువు సమస్య. మేము లోగో ఉన్న ముక్కను కత్తిరించి, లెక్కపెట్టి, కవర్లో వేసి హోటల్‌కే తిరిగి ఇచ్చేస్తాం. ఆ ఒక్క పనితో మా మీద నమ్మకం కుదిరింది.

పరుపులు, దిండ్లు తీసుకోకండి. ఎంత బతిమాలినా వద్దు. లోపలి ఫోమును, దూదిని సరిగ్గా ఉతికి ఆరబెట్టడం మన వల్ల అయ్యే పని కాదు, నల్లులు ఉంటే గోదామంతా పాకుతాయి, నిప్పు అంటుకుంటే ఆరదు.

అడుగు 4: శుభ్రం చేయడం, వేరు చేయడం

దీనికి తొందర పనికిరాదు. మూట రాగానే లోపలికి తేవొద్దు, బయట ఎండలోనే విప్పండి. చేతులకు గ్లవ్స్, మూతికి మాస్కు. రక్తం, వాంతి లాంటివి అంటినవి ఉంటే ముట్టుకోకుండా వేరే కవర్లో వేసి హోటల్‌కే వాపసు పంపండి.

నల్లుల విషయం. కుట్ల మడతల్లో, కర్టెన్ పై పట్టీలో నల్లటి చుక్కలు కనిపిస్తే అనుమానించాలి. యాభై డిగ్రీలు దాటిన వేడికి నల్లులూ గుడ్లూ చస్తాయి, కానీ వేడి మూట మధ్యలోకి చేరాలి. అందుకే పెద్ద మూటను ఎండలో పెడితే లాభం లేదు, పల్చగా పరిచి నల్ల ప్లాస్టిక్ షీటు కప్పి మే నెల ఎండలో రెండు రోజులు ఉంచండి, లేదా అరవై డిగ్రీల నీళ్ళలో అరగంట నానబెట్టండి. మన ఎండలు ఈ ఒక్క పనికి మాత్రం వరం.

ఉతకడం మీరే చేయాలని లేదు. ఊళ్ళో రజక కుటుంబాలతో మాట్లాడండి, మరకల గురించి వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు, పైగా ఇదే లెక్కలో ఇంకో రెండు కుటుంబాలకు పని. 2021 నుంచి తెలంగాణలో దోభీ ఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం, కాబట్టి వాషింగ్ మిషన్ పెట్టుకున్నవాళ్ళకు ఖర్చు తగ్గుతుంది. మా నల్గొండ వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు నీళ్ళు, సబ్బు నురగ రాదు, చాకలి సోడా కలిపితేనే మురికి వదులుతుంది.

బ్లీచ్ తెల్ల కాటన్‌కే వాడండి. షాపులో దొరికే ద్రవం లీటరు నీళ్ళకు పది మిల్లీలీటర్లు, పావుగంట, అంతే. ఎక్కువైతే బట్ట పిండి పిండిగా అవుతుంది. బ్లీచ్‌నూ బాత్రూం యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఈ మాట గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, చదవడం రానివాళ్ళకు రెండు సీసాల మీద రెండు రంగుల రిబ్బను కట్టండి.

కాటనా, పాలిస్టర్ కలిసిందా అన్నది తెలుసుకోవడానికి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ ఉంటే కరిగి చివర చిన్న గట్టి పూసలా అవుతుంది, గోటితో నొక్కితే తెలుస్తుంది. కాటన్ తుడవడానికి, బొంతలకు. కలిపినది సంచులకు.

ఇక అసలు కిటుకు. దుప్పటిని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మనిషి పడుకునే మధ్య భాగం జల్లెడలా కనిపిస్తుంది, రెండు పక్కలూ కొత్త బట్టలా దట్టంగా ఉంటాయి. కాబట్టి దుప్పటి ఒక బట్ట కాదు, మూడు పట్టీలు. పక్క పట్టీలు సంచులకు, మధ్య పట్టీ బొంత లోపలికి. ఇది తెలియక మేము మొదట్లో నడుమ నుంచి సంచులు కట్ చేసి, కిలో ఉల్లిగడ్డకే చిరిగితే మాట పడ్డాం.

అడుగు 5: కటింగ్, కుట్టు

90 x 100 అంగుళాల డబుల్ దుప్పటి లెక్క చెప్తాను. పొడుగునా మూడు పట్టీలు చేస్తే ఒక్కోటి 30 x 100. పక్క పట్టీలో 15 x 35 ముక్కలు నాలుగు వస్తాయి, ఒక్కో ముక్కను మధ్యకు మడిచి కుడితే 14 x 16 సంచి. మిగిలిన 30 x 30 ముక్కలోంచి మూడు అంగుళాల వెడల్పు పట్టీలు ఎనిమిది తీస్తే నాలుగు సంచులకూ కాడలు సరిపోతాయి. అంటే ఒక దుప్పటికి ఎనిమిది సంచులు, మధ్య పట్టీ వేరే. కాడ అతికే చోట చతురస్రం కుట్టి లోపల అడ్డంగా ఇంటూ మార్కు కుట్టాలి, సంచి తెగితే తెగేది అక్కడే. కుట్టిన ప్రతి పదింటిలో ఒకదానికి ఐదు కిలోల బియ్యం వేసి పది నిమిషాలు మేకుకు తగిలించి చూడండి.

రెండు మామూలు మిషన్లు, అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఒకటి, ఒక మంచి కటింగ్ టేబుల్, ఇస్త్రీ పెట్టె. మొదటి ఆరు నెలలకు ఇంతే చాలు. ఫ్యాక్టరీల్లో వాడే వేగమైన పవర్ మిషన్లు వద్దు, నేర్చుకునేవాళ్ళు వేగానికి భయపడతారు.

బొంతల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాలమూరు పల్లెల్లో అరవై దాటిన అవ్వల్లో చాలామందికి బొంత కుట్టడం వచ్చు, కానీ దాన్ని ఎవరూ విద్య అనుకోరు. పైన ఒక దట్టమైన దుప్పటి, కింద ఒకటి, లోపల పల్చబడిన ముక్కలు మూడు నాలుగు వరుసలు పరిచి, లావు సూదితో అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. మా దగ్గర ఒక అవ్వ కుట్టేటప్పుడు ఎడమ అరచేత్తో ముందు బట్టను నిమిరి, లోపల ముడత ఉందేమో చూసుకుని అప్పుడు సూది దించుతుంది. మిషన్ మీద వేసిన బొంతకు ఆ మెత్తదనం రాదు. కాటన్ కర్టెన్ ముక్కలతో పైన రంగుల అతుకులు వేస్తే పసిపిల్లల బొంతలకు హైదరాబాద్‌లో మంచి ధర పలుకుతుంది. పసిపిల్లలకు మాత్రం రెండుసార్లు వేడి నీళ్ళలో ఉతికిన కాటన్ తప్ప ఇంకేదీ వాడకండి.

తువాళ్ళు మరకపడితే పట్టీలుగా చింపి పేకగా (అడ్డం పోగుగా) వాడి డోర్ మ్యాట్లు నేయించవచ్చు. పుట్టపాక, గట్టుప్పల్, పోచంపల్లి వైపు మగ్గం ఖాళీగా ఉన్న ఇల్లు దొరికితే అడగండి. పడుగుకు (నిలువు పోగుకు) మాత్రం కొత్త గట్టి నూలే ఉండాలి.

కుర్చీలు, బల్లలు వస్తే ఊళ్ళో వడ్రంగి పనివాళ్ళ దగ్గర నేర్చుకునేవాళ్ళను పెట్టండి. టేకు, మంచి ప్లైవుడ్ తీసుకోండి. నొక్కిన రంపపు పొట్టు బోర్డు ఒకసారి తడిసి ఉబ్బితే మళ్ళీ మరలు పట్టదు, దాన్ని వదిలేయండి. గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి.

అడుగు 6: కూలి

మొదటి మూడు నెలలు రోజు కూలే ఇవ్వండి, ఒక్కో సంచికి ఇంత అని పీస్ రేటు పెట్టకండి. కొత్తవాళ్ళు రోజుకు పద్నాలుగు సంచులు కుడితే అలవాటైనవాళ్ళు ఇరవై నాలుగు కుడతారు. మొదటి రోజు నుంచే పీస్ రేటు అంటే ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్ళే ముందు వెళ్ళిపోతారు. ఆ తర్వాత రేటు కట్టినా, నిదానంగా కుట్టే మనిషి చేతికి ఎంత వస్తుందో చూసి కట్టండి. ఎంత చేసినా, ప్రభుత్వం చెప్పిన కనీస కూలికి తగ్గకూడదు, తగ్గిన రోజు మిగతాది మీరు కలపాలి.

ఉదాహరణకు వేసిన అంకెలు: సంచి 35 రూపాయలకు అమ్మితే వంద సంచులకు 3,500. బట్ట, కిరాయి 300, ఉతుకుడు 400, దారం, సూదులు, కరెంటు 200, గది అద్దెలో భాగం 300. మిగిలిన 2,300లో కుట్టుకు 1,500, కటింగ్, ఇస్త్రీ, మడతలకు 500, పక్కన పెట్టాల్సింది 300. ఈ 300 ముట్టుకోకండి. హోటల్ వాళ్ళు బిల్లు నలభై ఐదు రోజులు ఆపినప్పుడు శనివారం కూలి ఇచ్చేది ఇందులోంచే. నెల కూలికి సరిపడా డబ్బు పక్కన పోగయ్యేదాకా ఐదో మనిషిని చేర్చుకోవద్దు. ఈ లెక్కలోనే రోజు కూలి సరిపోకపోతే మనుషుల కూలి తగ్గించడం కాదు, సంచి ధర పెంచండి, లేదా ఆ సరుకు మానేసి ఎక్కువ ధర పలికేది కుట్టండి.

డబ్బు వాళ్ళ సొంత ఖాతాలోనే వేయండి, కొడుకు ఖాతాలోనో మరిది ఖాతాలోనో వద్దు. ఇంకొకటి, అమ్మకం కోసం వాళ్ళ కష్టాలను ఫోటోలు తీసి పెట్టకండి. ఒకసారి మా దగ్గర ఒక అక్క తన ఫోటో వాట్సాప్‌లో తిరగడం చూసి వారం రోజులు పనికి రాలేదు. సంచి బాగుంటే సంచి ఫోటో చాలు.

అడుగు 7: కాగితాలు, పెట్టుబడి

చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి. మహిళలు సంఘంగా ఉంటే స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ అప్పులు దొరుకుతాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ, వడ్రంగి, రజక వృత్తులు మూడూ ఉన్నాయి, మనకు కావాల్సినవి అవే. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు. ఇంటికి ఒక్కరికే. దరఖాస్తు మనిషి పేరు మీద ఉంటుంది కాబట్టి ఆ మిషన్ ఆ మనిషిదే, రేపు మానేసి వెళ్తే తీసుకెళ్ళే హక్కు వాళ్ళకుంది. ఇది మొదటిరోజే చెప్పండి. దివ్యాంగులకు వైకల్యం సర్టిఫికెట్ (ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ కార్డు) లేకపోతే ముందు అది తీయించండి, పింఛను దగ్గర నుంచి అన్నిటికీ అదే ఆధారం.

చివరగా వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బట్ట ఆరదు, అరకొరగా ఆరింది మడత పెడితే బూజు నల్లచుక్కలు వస్తాయి, అవి ఏ సబ్బుకూ పోవు. కాబట్టి మే నెలాఖరుకే రెండు నెలలకు సరిపడా ఉతికిన బట్ట చెక్క బల్లల మీద గోడకు తగలకుండా పేర్చి, ప్రతి కట్ట మీద తేదీ రాసి పెట్టుకోండి. అడుగున వేపాకు పరవండి. పదిహేను రోజులకోసారి ఎండ కాసిన పూట పై కట్ట కిందకు, కింద కట్ట పైకి మార్చండి.